లేని కడుపుకి చలిమిడి

పొద్దున ఏడున్నరకి ఆ అపార్ట్‌మెంట్లో తలుపు కొట్టేవాళ్ళు ముగ్గురు. పాలాయన, చెత్తబండి పెంటమ్మ, రెండో అంతస్తు సుమిత్రమ్మ. మొదటి ఇద్దరికీ ఇంకా వెళ్ళాల్సిన ఇళ్ళుంటాయి కాబట్టి వెళ్ళిపోతారు. సుమిత్రమ్మకి మాత్రం ఎప్పుడూ తీరికే.

సంతోషి తడి తలకి తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది. ఎనిమిదిన్నరకల్లా ఎల్బీనగర్‌లో స్కూల్లో ఉండాలి. తొమ్మిదో తరగతికి మొదటి పీరియడ్ సైన్సు ఆమెదే. ఎదురుగా సుమిత్రమ్మ, చేతిలో ఒక గాజు సీసా.

"తీస్కో బిడ్డా. చింతకాయ తొక్కు. మొన్ననే నూరిన. జర నాలుకకు రాసుకుంటే వాంతులు ఆగుతయి."

"ఎవరికి వాంతులు, పెద్దమ్మా?"

"అగో, గట్ల సిగ్గుపడుతవేంది? మీ అత్తమ్మ మొన్న లిఫ్టుల చెప్పింది. మూడో నెలంట గదా! నేనైతే ఎవ్వరికీ చెప్పలే. నాలుగో అంతస్తోళ్ళకు, వాచ్‌మన్ భార్యకు, గంతే."

సీసా చేతిలో పెట్టి, సంతోషి పొట్ట వైపు ఒకసారి చూసి, తృప్తిగా తలాడించి ఆవిడ మెట్లు దిగిపోయింది.

సంతోషి గుమ్మంలోనే నిలబడిపోయింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. అందులో ఐదేళ్ళు దవాఖానాల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. ఇంజెక్షన్లు, స్కానింగులు, నెలకోసారి బాత్‌రూమ్ తలుపు వేసుకుని ఏడుపు. రెండేళ్ళ కిందట ఒక రోజు ఆమే భర్త శ్రీకర్‌తో, "ఇగ చాలు. నాకు బిడ్డ కావాలె, సూదులు కాదు" అంది. ఇద్దరూ దత్తతకి దరఖాస్తు పెట్టారు. సంస్థవాళ్ళు ఇంటికి వచ్చి, అన్ని గదులూ చూసి వెళ్ళారు. ఆ రోజు అత్తగారు సూర్యప్రభ వాళ్ళకి కాఫీ కూడా ఇచ్చింది. ఇప్పుడు రావాల్సింది ఒక్క ఫోన్. అది రేపు రావచ్చు, ఆరు నెలలకి రావచ్చు. ఇంట్లో నలుగురికీ తెలిసిన సంగతే ఇది. మరి ఈ మూడో నెల ఎక్కడి నుంచి వచ్చింది?

వంటింట్లో సూర్యప్రభ పప్పులోకి పోపు పెడుతోంది. ఆవిడది పాలకొల్లు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కాలేజీలో భర్త రామారావుకి లెక్కల మాస్టరు ఉద్యోగం వచ్చినప్పుడు కొత్తపేటకి వచ్చి ముప్ఫై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆవిడ యాసా మారలేదు, పోపులో ఇంగువ పాళ్ళూ మారలేదు.

సంతోషి సీసాని గట్టు మీద ఠంగున పెట్టింది.

"అత్తమ్మా, నాకు మూడో నెలంట. బిల్డింగ్ మొత్తానికి చెప్పిన్రు. నాకు చెప్పుడు మర్చిపోయినట్టున్నరు."

సూర్యప్రభ చేతిలో గరిటె ఆగింది. ఆవాలు చిటపటలాడి, మాడి, పొగ వచ్చేదాకా ఆవిడ తల తిప్పలేదు.

"స్టవ్ కట్టెయ్. నీ మంచికే చెప్పాను."

"నా మంచికా!"

"అరవకు. విను. వచ్చే నెల నుంచి హయత్‌నగర్‌లో మీ అమ్మగారి దగ్గర ఉండు. బెడ్ రెస్ట్ అని చెబుతాను. ఈలోపు వాళ్ళు ఫోన్ చేస్తారు. పురిటికి వెళ్ళినట్టు వెళ్ళి, బిడ్డతో వచ్చేస్తావు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తది." సంతోషి తల మీది తువ్వాలు లాగి భుజాన వేసుకుంది. "హయత్‌నగర్ ఏమన్న సముద్రం అవతల ఉన్నదా అత్తమ్మా? సుమిత్రమ్మ సిటీ బస్సెక్కి తొక్కు సీసా పట్టుకొని ఆడికే వస్తది. అప్పుడేం చేయాలె? పొట్టకు మెత్త కట్టుకొని కూసోవాల్నా?"

ఈ గొడవకి హాల్లోంచి శ్రీకర్ వచ్చాడు, ఒక కాలికి సాక్సు, రెండో సాక్సు చేతిలో. సంతోషి అతని మొహం చూసింది. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ మొహం చదవడం ఆమెకి బాగానే వచ్చు.

"నీకు కూడ తెలుసు."

"అమ్మ మొన్న చెప్పింది. నేను నెమ్మదిగా మాట్లాడదామని..."

"ఎప్పుడు? నాకు తొమ్మిదో నెల వచ్చినంకనా?"

శ్రీకర్ రెండో సాక్సు కూడా వేసుకోవడం మొదలుపెట్టాడు. మాట్లాడాల్సిన చోట అతనికి ఎప్పుడూ ఏదో ఒక పని దొరుకుతుంది.

"ఎందుకింత మొండిగా ఆలోచిస్తావు?" సూర్యప్రభ గొంతు పెరిగింది. "రేపు ఆ బిడ్డను ఎవరైనా తెచ్చుకున్న పిల్ల అంటే? బళ్ళో అంటే? పెళ్ళిలో అంటే? అందరి నోళ్ళూ నువ్వు మూయించగలవా?"

"మూయిస్త. ఒక్కొక్కరివి. కానీ దొంగతనంగ మాత్రం తీస్కరాను. శ్రీమంతం చేసుకుంట. వచ్చే ఆదివారం కాదు, ఆపై ఆదివారం. కింద సెల్లార్‌ల. గాజులు, చలిమిడి, బొంత, ఈ ఇంట్ల పుట్టబోయే బిడ్డకు ఏమేం చేస్తరో అన్నీ కావాలె. ఏదీ బయట కొనద్దు. అన్నీ మన చేతులతోనే."

"కడుపు లేకుండా శ్రీమంతమా! లేని కడుపుకి చలిమిడి ఎవరు చేస్తారే?"

అన్నాక సూర్యప్రభ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది. సంతోషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, వాటిని కింద పడనివ్వలేదు.

"నేనే చేసుకుంట," అంది. "ఇంకో మాట. ఈ అబద్ధం మీరు చెప్పింది. మీరే విప్పాలె. శ్రీమంతం రోజు దాకా నేను నోరిప్ప. ఆ రోజు మీరు చెప్పకపోతే మాత్రం అందరి ముందర నేనే చెప్త."

తొక్కు సీసా అక్కడే వదిలేసి స్కూలుకి వెళ్ళిపోయింది. పప్పులో పోపు లేదని ఆ రోజు మధ్యాహ్నం రామారావు కూడా అనలేదు. అనే ధైర్యం లేకపోయింది.

రెండు రోజుల తర్వాత సంతోషి తల్లి లచ్చమ్మ పెద్ద మూట నెత్తిన పెట్టుకుని దిగింది. ఆమె భర్త హయత్‌నగర్ డిపోలో బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆమె మాత్రం ఇంకా రిటైర్ కాలేదు, చేతిలో సూది లేకుండా ఒక్క పూట కూర్చోలేదు. హాలు మధ్యలో చాప పరిచి మూట విప్పింది. లోపల అన్నీ పాత చీరలే.

నకిరేకల్ పక్కన వాళ్ళ ఊళ్ళో పుట్టబోయే బిడ్డకి కొత్త గుడ్డ కప్పరు. ఇంట్లో ఆడవాళ్ళందరి చీరల్లోంచి తలా ఒక ముక్క తీసి, పొరలు పేర్చి, చేత్తో బొంత కుడతారు. అదీ కట్టి కట్టి, ఉతికి ఉతికి, అరచేతికి తగిలీ తగలనంత మెత్తబడిన చీర కావాలి. బీరువాలో మడతపెట్టి దాచిన పట్టుచీర పనికిరాదు. ఎవరి ముక్క అందులో ఉంటే వాళ్ళందరికీ ఆ బిడ్డ మీద హక్కని లెక్క.

"ఇది మా అత్తది. ఇది మా చెల్లెది. ఇది నాది. ఇది సంతోషి కాలేజీల కట్టిన చీర," అని లచ్చమ్మ ఒక్కో ముక్కా పరిచింది. మధ్యలో జానెడు చోటు ఖాళీగా వదిలింది. "ఒదినే, నడుమ నీది. నాయినమ్మది నడుమనే ఉండాలె."

సూర్యప్రభ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"నా దగ్గర పాత చీరలు లేవు వదినగారూ. పనివాళ్ళకి ఇచ్చేశాను."

బాల్కనీలో ఆరేసిన ఆవిడ వెలిసిన చీరలు మూడు కనబడుతూనే ఉన్నాయి. లచ్చమ్మ వాటిని ఒకసారి చూసి, సూదిలోకి దారం ఎక్కించుకుంది. ఖాళీ చోట అలాగే ఉంచి చుట్టూ కుట్టడం మొదలుపెట్టింది.

ఆ వారమంతా ఆ ఇల్లు ఒక వైపు కార్ఖానా, ఒక వైపు కోర్టు. రామారావు గోడ క్యాలెండర్ల వెనక తెల్ల కాగితాలు కత్తిరించి, దారంతో కుట్టి, అక్షరాల పుస్తకం చేస్తున్నాడు. ఆయన గీసిన ఏనుగు పందిలా ఉందని అందరికీ తెలుసు గానీ ఎవరూ చెప్పలేదు. శ్రీకర్‌కి సంతోషి గుడ్డ బొమ్మ పని అప్పగించింది. అతను ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి బొమ్మ కడుపులో దూది కూరాడు. బొమ్మకి ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి వచ్చాయి.

"ఇది మా అమ్మకి ఎదురు చెప్పలేని మొహంలా ఉంది," అన్నాడు భార్యని నవ్విద్దామని.

"అద్దం చూసి కుట్టినవా?" అంది సంతోషి, నవ్వకుండానే.

చలిమిడి మాత్రం కుదరలేదు. సంతోషి ఫోన్లో వీడియో పెట్టుకుని, నానబెట్టిన బియ్యం గిర్నీలో తడిపిండి పట్టించుకొచ్చి, బెల్లం పాకం పట్టింది. మొదటిసారి రాయి అయింది. లచ్చమ్మ దాన్ని రోకలితో కొట్టినా పగల్లేదు. రెండోసారి జావలా కారింది. సూర్యప్రభ రెండుసార్లూ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. పాలకొల్లు నుంచి ఎల్బీనగర్ దాకా వాళ్ళ బంధువుల్లో ఎవరి కూతురికి చలిమిడి కావాలన్నా ఈవిడకే కబురొస్తుంది. పాకం ముదురుతుంటే ఆవిడ వేళ్ళు వాటంతటవే కదిలాయి. అయినా లోపలికి రాలేదు.

సంతోషి అడగలేదు. అడిగితే ఆవిడ చేసిపెట్టి ఉండేదేమో. కానీ అడగదు. లేని కడుపు అన్న మాట ఇంకా ఆ గట్టు మీదే, తొక్కు సీసా పక్కనే ఉంది.

గురువారం సాయంత్రం ఫోన్ వచ్చింది.

సంతోషి మూడోసారి పాకం మీద ఉంది. శ్రీకర్ గదిలోంచి పరిగెత్తుకొచ్చి ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాడు. తెర మీద ఒక పిల్ల. కత్తిరించిన జుట్టు, పెద్ద పెద్ద కళ్ళు, చేతిలో స్టీలు గ్లాసు. ఫోటో తీసేవాళ్ళని ఎందుకు తీస్తున్నారన్నట్టు చూస్తోంది. నవ్వడం లేదు.

"జ్యోతిక," అన్నాడు శ్రీకర్. "రెండేళ్ళ ఎనిమిది నెలలు. మనం సరేనంటే వచ్చి చూడమన్నారు. సంతోషీ, సరే అననా?"

"ఇంకా అనలేదా!" అని అరిచి సంతోషి అతని భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. రామారావు కళ్ళజోడు కోసం వెతికాడు, అది ఆయన ముక్కు మీదే ఉంది. లచ్చమ్మ తెర మీది మొహానికి దూరం నుంచే మెటికలు విరిచింది.

స్టవ్ మీద పాకం మాడింది. ఎవరూ పట్టించుకోలేదు.

కాసేపటికి లచ్చమ్మే ముందు తేరుకుంది. హాల్లోకి వెళ్ళి బొంత నేల మీద పరిచింది. దాన్ని చూసి, తల పట్టుకుంది.

"అయ్యో నా తెలివి పాడుగాను! గిది ఊయల బొంత బిడ్డా. మూరన్నర గూడ లేదు. గా పిల్ల నడిచే పిల్ల. మెడ కాడికి కప్పితే కాళ్ళు బయటనే ఉంటయి."

అప్పుడు అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. దరఖాస్తులో నాలుగేళ్ళ లోపు అని రాసింది వాళ్ళే. కానీ బిడ్డ అనగానే ప్రతి ఒక్కరూ మనసులో ఊయలే కట్టుకున్నారు. రెండేళ్ళు ఎదురుచూశారు. ఆ బిడ్డ కూడా ఎక్కడో ఉండి, పెరుగుతూ, ఎదురుచూస్తోందని ఒక్కళ్ళకీ తట్టలేదు.

సూర్యప్రభ ఇంతసేపూ గోడకి ఆనుకుని నిలబడే ఉంది. ఫోన్ అడిగి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"కాళ్ళు బయటే ఉంటాయా?" అంది.

"ఉంటయి ఒదినే. గింత పొడుగు పిల్లకు ఇదేడ సరిపోతది?"

సూర్యప్రభ చాప మీద కూలబడింది. ఆవిడ నేల మీద కూర్చోవడం సంతోషి ఎప్పుడూ చూడలేదు, మోకాళ్ళ నొప్పులు.

"నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది," అంది ఫోన్ వైపే చూస్తూ. "మేనమామ నన్ను పాలకొల్లు తీసుకొచ్చాడు. అత్తయ్య మంచిదే. అన్నం పెట్టేది, జడ వేసేది, చదివించింది. కానీ ఎవరొచ్చి ఈ పిల్లెవరని అడిగినా, మా ఆడపడుచు కూతురు, పాపం, అనేది. పాపం అనకుండా నా పేరు ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ పిల్లలు ముగ్గురు. ఒకటే పెద్ద దుప్పటి. నేను అంచున పడుకునేదాన్ని. కాళ్ళు బయటే ఉండేవి. చలేసినా లాక్కునేదాన్ని కాదు. నాది కాదుగా."

నలభై ఏళ్ళ కాపురంలో రామారావు ఈ దుప్పటి సంగతి వినడం ఇదే మొదటిసారి. ఆయన చేతిలో కత్తెర పక్కన పెట్టేశాడు.

"ఈ పిల్లని ఎవరూ పాపం అనకూడదనే అబద్ధం చెప్పాను," అంది సూర్యప్రభ. ఆవిడ కళ్ళ నీళ్ళు ఫోన్ తెర మీద పడుతున్నాయి. "నీ మీద కోపంతో కాదు సంతోషీ. భయంతో."

సంతోషి వచ్చి ఎదురుగా కూర్చుంది. జాలిపడింది, కానీ తగ్గలేదు.

"అత్తమ్మా, మీరు దాచిపెడ్తే ఆమె కూడ అంచునే పడుకుంటది. ఏదో ఒకనాడు ఎవరో చెప్తరు. అప్పుడు నన్నెందుకు దాచిన్రు అని అడుగుతది. ఏం చెప్తం?"

సూర్యప్రభ మోకాళ్ళు పట్టుకుని లేచి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఆకుపచ్చ నేతచీర ఉంది. మంగళగిరిది. పచ్చ రంగు వెలిసి లేత చిగురు రంగులోకి వచ్చింది.

"శ్రీకర్ కడుపులో ఉన్నప్పుడు రోజు విడిచి రోజు ఇదే కట్టాను. పనివాళ్ళకి ఇచ్చానన్నది అబద్ధం. ఈ నెల్లో నాకు అబద్ధాలు ఎక్కువైపోయాయి." చీరను లచ్చమ్మ ఒళ్ళో పెట్టింది. "ముక్క కాదు వదినగారూ. మొత్తం తీసుకోండి. మధ్యలో వేసి, మిగిలింది చుట్టూ వెయ్యండి. నాలుగు వైపులా మూరెడు మూరెడు పెంచండి. ఆ పిల్లకి పదేళ్ళు వచ్చినా కాళ్ళు బయటికి రాకూడదు."

"నాకొక సూది ఎక్కువ ఉన్నది," అంది లచ్చమ్మ. "నువ్వూ కూసో."

"కూర్చుంటాను. ముందు ఆ వంటింట్లో మాడువాసన సంగతి చూడాలి." సంతోషి వైపు తిరిగింది. "లే. పాకం అలా ఎదురుగా నిలబడి గిరగిరా తిప్పితే వస్తుందా? నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి. పళ్ళెంలో కొబ్బరి ముక్కలు కొయ్యి. సన్నగా. నాకు పెద్ద ముక్కలంటే ఒళ్ళు మంట."

శనివారం సాయంత్రానికి బొంత పూర్తయింది. చలిమిడి ఇత్తడి గిన్నెలో చల్లారుతోంది. సంతోషి అడిగింది.

"రేపు చెప్తరా, అత్తమ్మా?"

"నెయ్యి ఇంకో చెంచా వెయ్యి," అంది సూర్యప్రభ.

ఆదివారం పదింటికి సెల్లార్‌లో కార్లన్నీ రోడ్డు మీదికి వెళ్ళాయి. స్తంభాలకి బంతిపూల దండలు చుట్టారు. పూలు కొత్తపేట రైతుబజార్లో పొద్దున్నే కొన్నవి. గుచ్చింది మాత్రం శ్రీకర్, రామారావు. అందుకే దండలు ఒక చోట లావు, ఒక చోట సన్నం. బల్ల మీద ఇత్తడి గిన్నె నిండా చలిమిడి, లచ్చమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు, నువ్వుల ముద్దలు. పక్కన అక్షరాల పుస్తకం, ఎగుడుదిగుడు కళ్ళ బొమ్మ. ఆకుపచ్చ అంచు బొంత కుర్చీ మీద పరిచి, దాని మీద సంతోషిని కూర్చోబెట్టారు. ఆమె మామూలు ఎరుపు చీర కట్టుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అత్తగారి వైపు చూస్తోంది.

బిల్డింగ్ ఆడవాళ్ళందరూ వచ్చారు. ఎల్బీనగర్ నుంచి రామారావు చెల్లెలు అమల కూడా వచ్చింది. బంధువుల్లో ఏ కబురైనా అమలకి చేరితే ఇక అందరికీ చేరినట్టే. ఆమె సంతోషి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, గాజుల పళ్ళెం పట్టుకున్న వదిన దగ్గరికి వచ్చింది.

"అదేంటి వదినా, మూడో నెలకే శ్రీమంతం ఏంటి? ఐదో నెలకో ఏడో నెలకో చేస్తారు గానీ. అంత తొందరేమొచ్చింది?"

అందరికీ అదే అనుమానం ఉంది, అడిగే నోరు అమలకి ఉంది. సంతోషి కుర్చీలోంచి లేవబోయింది. సూర్యప్రభ ఒక్క చేత్తో ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"మూడో నెల కాదు అమలా," అంది గట్టిగా, లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా వినబడేలా. "మూడో ఏడు."

"ఏంటి?"

"నా మనవరాలికి మూడో ఏడు నడుస్తోంది. పేరు జ్యోతిక. మా శ్రీకర్, సంతోషి దత్తత తీసుకుంటున్నారు. కడుపుతో ఉందని అందరికీ నేనే అబద్ధం చెప్పాను. నా కోడలు చెప్పమంటే చెప్పాననుకోకండి. దానికి తెలియకుండానే చెప్పాను. తప్పు నాది. దానిది కాదు, ఆ పిల్లది అసలే కాదు."

ముందుగా తేరుకున్నది సుమిత్రమ్మ.

"మరి నా తొక్కు?"

"నేనే తిన్నాను. ఉప్పు తక్కువైంది," అంది సూర్యప్రభ.

ఎవరో కిసుక్కున నవ్వారు. అమల మాత్రం నవ్వలేదు. చలిమిడి ఉన్న ప్లేటు చేతిలో పట్టుకుని నిట్టూర్చింది.

"ఎవరు కన్నారో, ఏమో. పాపం, పసిపిల్ల. పోన్లే వదినా, మీకు పుణ్యం వస్తుంది."

సూర్యప్రభ గాజుల పళ్ళెం లచ్చమ్మకి ఇచ్చి, నడిచి వెళ్ళి, అమల చేతిలోంచి ప్లేటు తీసేసుకుంది.

"వదినా!"

"మా పిల్లని పాపం అన్నవాళ్ళకి ఈ చలిమిడి లేదు. నా సొంత ఆడపడుచైనా సరే. మేమేమీ పుణ్యం కోసం చేయడం లేదు. ఈ ఇంటికి పిల్ల కావాలి, వస్తోంది. మీ అమ్మాయి రమ్యకి శ్రీమంతం చేసినప్పుడు నీకు పుణ్యం వస్తుందని నేనన్నానా?"

అమల మొహం ఎర్రబడింది. వెళ్ళిపోతుందనే అందరూ అనుకున్నారు. అమల హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది, రెండడుగులు వేసింది, ఆగింది. వెనక్కి వచ్చి లచ్చమ్మ పళ్ళెంలోంచి నాలుగు ఆకుపచ్చ గాజులు తీసింది.

"నలభై ఏళ్ళలో నువ్వు నా మీద నోరెత్తడం ఇదే మొదలు," అని, సంతోషి చెయ్యి లాక్కుని గాజులు తొడిగింది. కొంచెం మొరటుగానే. "ప్లేటు ఇలా ఇవ్వు. నీ చలిమిడి వదులుకునేంత పౌరుషం నాకు లేదు. ఆ పిల్ల నన్ను మామ్మ అని మాత్రం పిలవకూడదు, ముందే చెబుతున్నాను."

ఆ తర్వాత అందరూ గాజులు తొడిగారు. సుమిత్రమ్మ పసుపు రాస్తూ, "మూడేండ్ల పిల్లంటే మంచిదే బిడ్డా, తొక్కు తింటది," అంది. చివర్లో సూర్యప్రభ కొబ్బరికాయంత చలిమిడి ముద్ద తమలపాకుల్లో పెట్టి, సంతోషి చీర కొంగులో పెట్టబోయింది.

సంతోషి కొంగు పట్టలేదు.

"లేని కడుపుకా, అత్తమ్మా?" అంది మెల్లగా. ఆ మాట ఒక్కసారి తిరిగి అప్పగించకుండా ఉండలేకపోయింది.

సూర్యప్రభ ముద్దని బల్ల మీద పెట్టింది. అందరూ చూస్తుండగా కోడలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ వేళ్ళకున్న నెయ్యి సంతోషి చెంపలకి అంటింది.

"ఆ మాట అన్నందుకు నన్ను క్షమించు. చలిమిడి కడుపు చల్లగా ఉండాలని పెడతారు. చల్లబడాల్సిన కడుపు నాది. పట్టు, కొంగు."

సంతోషి కొంగు పట్టింది. అప్పుడు మాత్రం కన్నీళ్ళు ఆపుకోలేదు.

జ్యోతిక వచ్చి నెల దాటింది. మొదటి వారం ఎగుడుదిగుడు కళ్ళ బొమ్మను చంకలో పెట్టుకుని వీధి తలుపు దగ్గరే కూర్చుంది. రెండో వారం తాతగారి ఏనుగును చూసి "పంది" అంది, ఇంట్లో ఆ నిజం చెప్పిన మొదటి మనిషి తనే. మూడో వారం అన్నం దగ్గర స్టీలు గ్లాసు తప్ప వేరేది ముట్టనని మొండికేసింది. సంతోషికి ఆ మొండితనం చాలా నచ్చింది.

ఒక రోజు మధ్యాహ్నం జ్యోతిక హాల్లో చాప మీద నిద్రపోతోంది. బయట చినుకులు పడుతున్నాయి, కాస్త చలిగాలి. బొంత నడుం దాకా ఉంది. సూర్యప్రభ వచ్చి, దాన్ని కిందికి లాగి, రెండు పాదాలూ కప్పింది. జ్యోతిక కళ్ళు తెరవకుండానే తన్నేసింది. మళ్ళీ కప్పింది. మళ్ళీ తన్నింది. మూడోసారి కప్పేసరికి పిల్ల లేచి కూర్చుంది. నాయనమ్మ వైపు కోపంగా చూసింది.

"వద్దు. నాది," అంది.

బొంతను రెండు చేతులతో లాక్కుని, మొత్తం ముద్ద చేసి, దాని మీద తల పెట్టుకుని పడుకుంది. పాదాలు రెండూ బయటే ఉన్నాయి.

స్కూలు నుంచి అప్పుడే వచ్చిన సంతోషి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అత్తగారిని చూసి కంగారుపడింది. ఆవిడ చాప పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏమైందత్తమ్మా? ఏమన్న అన్నదా?"

సూర్యప్రభ తలూపింది. కళ్ళు తుడుచుకుని, పిల్ల పాదాల వైపు చూపించింది.

"నాది అంది సంతోషీ. బొంత నాది అంది."